ఆలస్యంగా వెలిగే ఓవెన్ – వంటింట్లో ఒక భౌతికశాస్త్ర పాఠం

మానవుడు నిప్పును వశపరచుకొన్న నాటి నుంచి పొయ్యి రాజేయడం అనే పని తరతరానికీ సులభమవుతూ వచ్చింది. పిడకలు పేర్చి, ఊదుగొట్టంతో ఊది, పొగకు కళ్ళు మండుతుండగా నిప్పు రాజేసిన తరం వెళ్ళిపోయి, కిరసనాయిలు స్టౌకు పిన్ను పెట్టి పొడిచిన తరం వచ్చింది. ఆ తరువాత గ్యాసు సిలిండరూ, నొక్కగానే నిప్పురవ్వ రాల్చే లైటరూ వచ్చాయి. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల వంటిళ్ళలో ఆపాటి శ్రమ కూడా లేదు. బొత్తాం నొక్కి ఉష్ణోగ్రత నిర్ణయిస్తే చాలు, గ్యాస్ ఓవెన్ తనంతట తానే వెలుగుతుంది.

అయితే ఐదారేళ్ళు గడిచిన ఓవెన్లలో ఒక వింత జాడ్యం కనిపిస్తూ ఉంటుంది. ఓవెన్ వెలుగుతుంది, కాని వెంటనే వెలగదు. కొత్తలో అర నిమిషం, మహా అయితే ఒకటిన్నర నిమిషం పట్టేది. ఇప్పుడు మూడు నిమిషాలు, నాలుగు నిమిషాలు పడుతుంది. ఒక్కొక్కప్పుడు కొద్దిగా గ్యాసు వాసన వేసి, ఆ తరువాత "భుప్" అన్న చప్పుడుతో మంట లేస్తుంది. పిల్లల పుట్టినరోజు కేకు ఒక పక్క మాడి, మధ్యలో పచ్చిగా ఉండిపోతుంది. ఇంటివారు పిండిని అనుమానిస్తారు, వంటపుస్తకాన్ని అనుమానిస్తారు, చివరకు థర్మోస్టాట్ పాడయిందని తీర్మానిస్తారు. చాలా సందర్భాలలో అసలు దోషి వీటిలో ఏదీ కాదు.

మన ఇళ్ళలో ఓవెన్ వినియోగం కొంచెం విచిత్రమైనది. ఏడాదిలో చాలా రోజులు అది మూకుళ్ళకూ, పెనాలకూ గిడ్డంగి. చలికాలంలో పెరుగు తోడు పెట్టడానికీ, ఇడ్లీ పిండి పులియడానికీ వెచ్చని గూడు. వంకాయ కాల్చి పచ్చడి చేయాలనుకొన్నప్పుడో, పిల్లలు కుకీలు కావాలని మారాం చేసినప్పుడో మాత్రమే అది నిజంగా ఓవెన్ అవుతుంది. ఇలా అప్పుడప్పుడు వాడే వస్తువులో మెల్లమెల్లగా వచ్చే మార్పు కంటికి ఆనదు. అందువల్లనే ఈ జాడ్యం గురించి ప్రతి కుటుంబమూ కొంత తెలుసుకొని ఉండడం అవసరం.

ఆరని దీపం నుంచి ఎర్రని కడ్డీ వరకు

ఇంగ్లండులోని నార్తాంప్టన్ పట్టణవాసి జేమ్స్ షార్ప్ 1826లో గ్యాసు పొయ్యికి పేటెంటు పొందాడు. ఆ తరువాత చాలా కాలం పాటు గ్యాసును అంటించడానికి ప్రధానంగా వాడిన సాధనాలు రెండు: అగ్గిపుల్ల, లేదా పైలట్ దీపం. పైలట్ దీపమంటే బర్నరు పక్కన రాత్రింబగళ్ళు ఆరకుండా వెలిగే చిన్న నీలిమంట. దేవుడి గదిలోని అఖండదీపం వంటిదన్నమాట. పెరుగు తోడుకోవడానికి దాని వెచ్చదనం చక్కగా ఉపకరించేది. అయితే ఎవరూ వంట చేయని వేళల్లో కూడా ఆ దీపం గ్యాసును తాగుతూనే ఉంటుంది.

1970లలో ఇంధన సంక్షోభం తలెత్తిన తరువాత ఈ వృథా మీద అమెరికా ప్రభుత్వాల దృష్టి పడింది. 1987లో వచ్చిన సమాఖ్య చట్టాన్ని అనుసరించి, విద్యుత్ తీగ అమర్చిన గ్యాసు పొయ్యిలలో నిరంతరం వెలిగే పైలట్ దీపం ఉండరాదన్న నియమం 1990 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. పైలట్ దీపం స్థానాన్ని విద్యుత్తుతో ఎర్రగా కాలే ఒక చిన్న కడ్డీ ఆక్రమించింది. దీనినే ఇగ్నైటర్ అంటారు. పైన ఉన్న బర్నర్లను "టిక్ టిక్" మనే నిప్పురవ్వ వెలిగిస్తుంది. అమెరికాలో అమ్మే ఓవెన్లలో ఎక్కువ భాగం లోపలి బర్నరును వెలిగించేది మాత్రం ఈ కడ్డీయే. కరెంటు పోయినప్పుడు పై బర్నర్లను అగ్గిపుల్లతో వెలిగించుకోగలిగినా, ఓవెన్‌ను వెలిగించలేకపోవడానికి కారణం ఇదే.

గొలుసులో రెండు లంకెలు

ఓవెన్ వెలిగే తీరు అర్థం కావాలంటే రెండు భాగాలను గుర్తించాలి. మొదటిది ఇగ్నైటర్. రెండవది గ్యాసును ఆపి ఉంచే రక్షక వాల్వు. ఈ రెండూ ఒకే విద్యుత్ వలయంలో, శ్రేణిలో కలిపి ఉంటాయి. అంటే ఒక దానిలో ఎంత విద్యుత్తు ప్రవహిస్తే రెండవదానిలోనూ సరిగ్గా అంతే ప్రవహిస్తుంది.

వాల్వులో ఒక ద్విలోహ పట్టీ ఉంటుంది. వేడికి వేర్వేరు మోతాదులలో వ్యాకోచించే రెండు లోహాల రేకులను అతికించి దీనిని తయారు చేస్తారు. వేడి తగిలితే ఒక రేకు ఎక్కువగా, మరొకటి తక్కువగా సాగుతాయి కనుక పట్టీ ఒక పక్కకు వంగుతుంది. పద్ధెనిమిదవ శతాబ్దంలో నౌకల కోసం కచ్చితమైన గడియారాలను నిర్మించిన జాన్ హారిసన్ వాడిన ఉపాయమే ఇది. ఓవెన్ వాల్వులో ఈ పట్టీని వేడి చేయడానికి ఒక చిన్న విద్యుత్ తీగ ఉంటుంది. తగినంత విద్యుత్తు ప్రవహిస్తే పట్టీ వేడెక్కి, వంగి, గ్యాసు ద్వారం తెరుస్తుంది. ప్రవాహం ఆగితే చల్లబడి ద్వారం మూస్తుంది.

ఇక ఇగ్నైటర్. దీనిని సిలికాన్ కార్బైడ్ అనే పదార్థంతో చేస్తారు. చల్లగా ఉన్నప్పుడు ఇది విద్యుత్తును బాగా అడ్డుకొంటుంది. వేడెక్కుతున్న కొద్దీ దాని నిరోధం తగ్గుతుంది, ప్రవాహం పెరుగుతుంది. మామూలు లోహాల నడవడికి ఇది పూర్తిగా విరుద్ధం.

ఈ గుణంలోనే ఓవెన్ రక్షణ రహస్యమంతా ఇమిడి ఉంది. కడ్డీ చల్లగా ఉన్నంతసేపు ప్రవాహం స్వల్పం, అందువల్ల వాల్వు తెరుచుకోదు. కడ్డీ గ్యాసును అంటించగల స్థితికి చేరినప్పుడే వాల్వు తెరవడానికి చాలినంత ప్రవాహం లభిస్తుంది. కడ్డీ విరిగిపోతే వలయమే తెగిపోతుంది, వాల్వు మూతపడే ఉంటుంది. అంటే నిప్పు సిద్ధంగా ఉందని రుజువైతే తప్ప గ్యాసు బయటకు రాదు. ఏ కంప్యూటరూ అవసరం లేకుండా, కేవలం రెండు పదార్థాల స్వభావం మీద ఆధారపడి నడిచే కాపలా ఇది.

ఉల్కలో దొరికిన పదార్థం

సిలికాన్ కార్బైడ్ కథ కూడా ఆసక్తికరమైనదే. అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ అచెసన్ బంకమట్టినీ, కోక్ బొగ్గు పొడినీ కలిపి విద్యుత్తుతో తీవ్రంగా వేడి చేస్తుండగా ధగధగ మెరిసే గట్టి స్ఫటికాలు ఏర్పడ్డాయి. వాటికి ఆయన కార్బొరండం అని పేరు పెట్టి 1893లో పేటెంటు పొందాడు. అదే సంవత్సరం ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు ఆన్రీ మోయిసాన్ అరిజోనాలో పడిన ఉల్కాశిలను పరీక్షిస్తూ ఇవే స్ఫటికాలను ప్రకృతిసిద్ధంగా కనుగొన్నాడు. ఆయన పేరు మీదనే ఆ ఖనిజానికి మోయిసనైట్ అన్న పేరు స్థిరపడింది. నేడు నగల దుకాణాలలో వజ్రానికి ప్రత్యామ్నాయంగా అమ్ముతున్నది ఈ పదార్థమే. సానరాయిలోనూ, ఉంగరంలోనూ, ఓవెన్ అడుగునా ఉన్నది ఒకే సమ్మేళనం.

ఇంత గట్టి పదార్థానికి కూడా వృద్ధాప్యం తప్పదు. వేయి డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో, వంటనూనెల ఆవిరి మధ్య, వేల పర్యాయాలు కాలి చల్లారిన కడ్డీ ఉపరితలం ఆక్సిజన్‌తో కలిసి కొద్దికొద్దిగా సిలికాగా మారుతుంది. సన్నని పగుళ్ళు పుడతాయి. దాని నిరోధం ఏటికేడు పెరుగుతుంది, విద్యుత్ ప్రవాహం ఆ మేరకు తగ్గుతుంది. ఓవెన్ ఆలస్యంగా వెలగడానికి అతి సాధారణమైన కారణం ఇదే.

ఎర్రనివన్నీ నిప్పులు కావు

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఓవెన్ అడుగుకు తొంగి చూస్తే కడ్డీ ఎర్రగా వెలుగుతూనే కనిపిస్తుంది. "ఇగ్నైటర్ బాగానే ఉంది కదా, వాల్వే చెడిపోయింది" అని నిర్ణయించి, ఖరీదైన వాల్వును మార్పించిన వారు ఎందరో ఉంటారు. తెల్లనివన్నీ పాలు కాదు, నల్లనివన్నీ నీళ్ళు కాదు అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ఎర్రగా వెలిగిన కడ్డీ అంతా ఆరోగ్యంగా ఉన్న కడ్డీ కాదు.

దీని వెనుక ఉన్న లెక్క చాలా సులువైనది. అమెరికా ఇళ్ళలో విద్యుత్ పీడనం 120 వోల్టులు. చదునుగా ఉండే రకం ఇగ్నైటర్ ఆరోగ్యంగా ఉంటే సుమారు 3.3 ఆంపియర్లు ప్రవహింపజేస్తుంది. అంటే దాదాపు 396 వాట్ల శక్తి. అది ముసలిదై 2.7 ఆంపియర్లకు దిగిందనుకొందాం. అప్పుడు శక్తి 324 వాట్లు. ప్రవాహమూ, శక్తీ రెండూ సుమారు 18 శాతం తగ్గాయి.

ఈ తగ్గుదల కడ్డీ మెరుపులో ఎందుకు కనిపించదు? వేడి వస్తువు వెదజల్లే శక్తి దాని పరమ ఉష్ణోగ్రత నాలుగవ ఘాతాన్ని అనుసరించి ఉంటుందని 1879లో స్టెఫాన్ కనుగొన్నాడు, 1884లో బోల్ట్జ్‌మన్ సిద్ధాంతపరంగా నిరూపించాడు. ఆ సూత్రం ప్రకారం స్థూలంగా లెక్క కడితే, శక్తి 18 శాతం తగ్గినప్పుడు పరమ ఉష్ణోగ్రత సుమారు 5 శాతం మాత్రమే తగ్గుతుంది. ఆపాటి తేడాను మామూలు కన్ను పసిగట్టలేదు.

మరి వాల్వు సంగతి? అందులోని తీగలో పుట్టే వేడి ప్రవాహం వర్గాన్ని అనుసరించి ఉంటుంది. ప్రవాహం 3.3 నుంచి 2.7కు దిగితే, ఆ వేడి మూడింట ఒక వంతు తగ్గిపోతుంది. కడ్డీ వెలుగు దాదాపు మారలేదు, ద్విలోహ పట్టీకి అందవలసిన వేడిలో మాత్రం మూడవ వంతుకు గండి పడింది. పట్టీ నిదానంగా వంగుతుంది, లేదా అరకొరగా వంగి ఆగిపోతుంది. కంటికి కనిపించే లక్షణానికీ, కనిపించని కారణానికీ మధ్య ఉన్న ఈ వ్యత్యాసమే ఇంటివారినీ, కొన్ని సందర్భాలలో మరమ్మతుదారులనూ దారి తప్పిస్తుంది.

కేకు సరిగా ఉడకకపోవడానికీ ఇదే మూలం. నిర్ణయించిన వేడి రాగానే బర్నరు ఆరిపోతుంది, వేడి తగ్గగానే తిరిగి వెలగాలి. గంటసేపు సాగే వంటలో ఇది పలుమార్లు జరుగుతుంది. వెలగవలసిన ప్రతిసారీ మూడు నాలుగు నిమిషాలు ఆలస్యమైతే లోపలి వేడి లోతుగా పడిపోయి మళ్ళీ లేస్తుంది. థర్మోస్టాట్ తన పని తాను సక్రమంగా చేస్తున్నా నింద దాని మీదే పడుతుంది.

ఆలస్యం అమృతం విషం

ఇది కేవలం కేకుకు సంబంధించిన సమస్య అయితే ఇంత విపులంగా చెప్పుకోనక్కరలేదు. దీనిలో ప్రాణాపాయం కూడా దాగి ఉంది.

సహజవాయువులో ప్రధానాంశం మీథేను. గాలిలో దాని పాలు 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడే అది అంటుకొంటుంది. అంతకన్న తక్కువైనా, ఎక్కువైనా మండదు. మామూలు ఓవెన్ బర్నరు గంటకు 18,000 బి.టి.యు.ల వేడినిస్తుందనుకొంటే, దానికి గంటకు సుమారు 18 ఘనపుటడుగుల వాయువు కావాలి. అంటే నిమిషానికి 0.3 ఘనపుటడుగులు. ఓవెన్ లోపలి పరిమాణం 5 ఘనపుటడుగులు అయితే, ఒక్క నిమిషం పాటు వాయువు మండకుండా పూర్తి ధారగా వచ్చి లోపలే నిలిచిపోతే దాని పాలు 6 శాతానికి చేరుతుంది. అంటే పేలగలిగే హద్దు దాటినట్టే.

ఆచరణలో కొంత వాయువు పొగ దారి గుండా బయటకు పోతుంది. వాల్వు అరకొరగా తెరుచుకొన్నప్పుడు వచ్చే ధార కూడా సన్ననిదే. అయినప్పటికీ బర్నరు చుట్టుపక్కల ఆ మోతాదు పోగుపడడానికి ఎక్కువ సేపు పట్టదు. సన్నని ధార కడ్డీ దగ్గరకు సరిగా చేరక అటూ ఇటూ వ్యాపించి, చివరకు ఒక్కసారిగా అంటుకొంటుంది. "భుప్" అన్న ఆ చప్పుడుకు అర్థం ఇదే. అది బుల్లి విస్ఫోటనం. తలుపు అదిరేంతగా ఆ చప్పుడు వినిపిస్తే, మరమ్మతు జరిగే వరకు ఓవెన్ వాడడం మానివేయాలి.

సహజవాయువుకు స్వతహాగా వాసన లేదు. 1937 మార్చి 18న టెక్సాస్ రాష్ట్రంలోని న్యూ లండన్ పాఠశాలలో నేల కింద చేరిన వాసన లేని వాయువు ఒక యంత్రం నుంచి వచ్చిన నిప్పురవ్వకు పేలి, సుమారు 300 మందిని బలిగొన్నది. వారిలో అత్యధికులు విద్యార్థులు. ఆ ఘోరం జరిగిన తరువాతనే వాయువులో దుర్వాసన గల గంధక సమ్మేళనాలను కలపాలన్న శాసనం టెక్సాస్‌లో వచ్చింది, క్రమంగా అన్నిచోట్లా అమలైంది. కుళ్ళిన కోడిగుడ్డును తలపించే ఆ వాసన ఒక విషాదం నేర్పిన గుణపాఠం. దానిని ఉపేక్షించరాదు.

మరొక తేడా కూడా తెలిసి ఉండాలి. మీథేను గాలి కన్న తేలిక, అది పైకి పోతుంది. ఊరికి దూరంగా ఉన్న ఇళ్ళలో ట్యాంకులో నింపుకొనే ప్రొపేన్ గాలి కన్న బరువు. అది నేల మీదుగా పాకి, నేలమాళిగలోకి దిగి, అక్కడే తిష్ఠ వేస్తుంది. పైగా 2 శాతం దాటితే చాలు అంటుకోగలదు. ప్రొపేన్ వాడే ఇళ్ళలో ఇంకా ఎక్కువ జాగ్రత్త అవసరం.

రోగ నిర్ధారణ

వైద్యుడు మందు రాసే ముందు నాడి చూసినట్లే, విడిభాగాలు కొనే ముందు క్రమంగా పరీక్షించుకోవాలి. ముందుగా ఓవెన్‌లో దాచిన పాత్రలన్నీ తీసివేయాలి. వంటిల్లు గ్యాసు వాసన వేస్తూ ఉంటే ఏ పరీక్షా చేయరాదు.

మొదటి పరీక్ష పై బర్నర్లది. అవి నీలిమంటతో నిండుగా వెలుగుతుంటే ఇంటికి గ్యాసు సక్రమంగా అందుతున్నట్లే. అవి కూడా నీరసంగా ఉంటే లోపం ఓవెన్‌లో కాక గ్యాసు గొట్టంలోనో, పీడనాన్ని అదుపు చేసే రెగ్యులేటరులోనో, ఖాళీ కావచ్చిన ప్రొపేన్ ట్యాంకులోనో ఉంది. కొన్ని పొయ్యిలలో ఓవెన్‌కు మాత్రమే గ్యాసు ఆపే చిన్న మీట వేరుగా ఉంటుంది. ఇల్లు మారినప్పుడు అది మూసి ఉండిపోవడం కద్దు.

రెండవది గడియారం పరీక్ష. ఓవెన్‌ను 350 డిగ్రీల ఫారన్‌హీట్ వద్ద పెట్టి, మంట రావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి. 90 సెకన్లు దాటితే కడ్డీ బలహీనపడిందని గట్టిగా అనుమానించవచ్చు. నాలుగు నిమిషాలయినా వెలగకపోతే ఆపివేసి, తలుపు తెరిచి, గాలి ఆడనివ్వాలి. ఆరు నెలలకొకసారి ఈ సమయాన్ని గోడ క్యాలెండరు మీద రాసి ఉంచుకొంటే కడ్డీ ఆరోగ్యం తెలిసిపోతుంది.

మూడవది పోలిక పరీక్ష. చాలా ఓవెన్లలో అడుగున ఒక బర్నరు, పైకప్పు దగ్గర బ్రాయిలర్ బర్నరు ఉంటాయి. రెండింటికీ వేర్వేరు ఇగ్నైటర్లు ఉంటాయి. బ్రాయిలర్ చప్పున వెలిగి, అడుగు బర్నరు మాత్రం ఆలస్యం చేస్తుంటే గ్యాసు సరఫరాలో లోపం లేదని, అడుగు బర్నరు ఇగ్నైటరే ముసలిదయిందని దాదాపు నిశ్చయించవచ్చు. ఎక్కువగా వాడేది అడుగు బర్నరునే కనుక ముందుగా అరిగేదీ దాని కడ్డీయే. ఏ పనిముట్టూ అక్కరలేని పరీక్ష ఇది.

నాలుగవది మరమ్మతుదారు చేయవలసిన పరీక్ష. తీగ చుట్టూ కొక్కెంలా బిగించే క్లాంప్ మీటరుతో ఇగ్నైటర్‌లో ప్రవహించే విద్యుత్తును కొలుస్తారు. చదును రకం కడ్డీకి 3.2 నుంచి 3.6 ఆంపియర్లు, గుండ్రని రకానికి 2.5 నుంచి 3.0 ఆంపియర్లు ఉండడం సామాన్యం. వాల్వుకు ఎంత కావాలో సాధారణంగా వాల్వు మీదనే ముద్రించి ఉంటుంది. కొలత అంతకన్న తక్కువైతే దోషం కడ్డీది. కొలత సరిపోయినా గ్యాసు రాకపోతే అప్పుడు వాల్వును అనుమానించాలి. మరమ్మతుకు వచ్చినవారు ఈ కొలత తీయకుండానే వాల్వు మార్చాలని చెబితే, "ఎన్ని ఆంపియర్లు వస్తున్నాయి?" అని మర్యాదగా అడగడం ఇంటివారి హక్కు.

కడ్డీ అసలు ఎర్రబడనే లేదంటే కథ వేరు. అప్పుడు విద్యుత్ ప్లగ్గు, బ్రేకరు, ఓవెన్ గడియారం మీద పొరపాటున పెట్టిన కాలనియంత్రణ ముందుగా చూసుకోవాలి. అవన్నీ సరిగా ఉంటే కడ్డీ విరిగి ఉండవచ్చు, లేదా దానికి విద్యుత్తునందించే మీటలో లోపం ఉండవచ్చు. ఇక మంట వెంటనే వచ్చినా సగం బర్నరుకే పాకుతూ, పసుపురంగులో ఊగుతుంటే, పొంగిపడిన పదార్థాలతో బర్నరు రంధ్రాలు పూడుకుపోయి ఉండవచ్చు, లేదా గాలి పాలు కుదరకపోయి ఉండవచ్చు. ఓవెన్ అడుగున అల్యూమినియం రేకు పరిచే అలవాటు కొందరికి ఉంది. అది గాలి రంధ్రాలను మూసి దహనాన్ని చెడగొడుతుంది కనుక మానుకోవాలి.

మార్చే పద్ధతి

ఇగ్నైటర్ మార్చడం గడ్డు పని కాదు. అయినా అద్దె ఇళ్ళలో ఉన్నవారు ఆ పనిని యజమానికే వదలడం ఉత్తమం. సొంత ఇంటివారు చేయదలిస్తే కొన్ని నియమాలు పాటించాలి. ప్లగ్గు ఊడదీయాలి, గ్యాసు మీట మూయాలి, ఓవెన్ పూర్తిగా చల్లారాలి. కొత్త కడ్డీ పొయ్యి నమూనా సంఖ్యకు సరిపడినదే కావాలి. చదును రకానికి బదులు గుండ్రని రకం పెడితే ప్రవాహం చాలక వాల్వు తెరుచుకోదు. కడ్డీ గాజులా పెళుసు, తగిలితే పుటుక్కున విరుగుతుంది. దాని బూడిదరంగు భాగాన్ని వేళ్ళతో తాకరాదు, పింగాణీ పీఠాన్ని పట్టుకోవాలి. తీగలను కలపడానికి వేడికి ఓర్చే పింగాణీ టోపీలే వాడాలి. మామూలు ప్లాస్టిక్ టోపీలు కరిగిపోతాయి.

వాల్వు పనితనం చూద్దామని దానికి నేరుగా 120 వోల్టులు కలపడం మహా ప్రమాదం. అది పనిచేసేది సుమారు 3 వోల్టుల మీద మాత్రమే. నేరుగా కలిపితే క్షణంలో మాడిపోతుంది. వాల్వును గానీ, గ్యాసు గొట్టాన్ని గానీ విప్పవలసి వస్తే ఆ పని అనుమతి పొందిన నిపుణునిదే.

పెద్దలకు చెప్పవలసిన మాట

స్వదేశం నుంచి వచ్చి కొన్ని నెలలు పిల్లల దగ్గర గడిపే తల్లిదండ్రుల విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సిలిండరు పొయ్యికి అలవాటుపడిన పెద్దలకు మంట రాకపోతే అగ్గిపుల్ల గీయడం సహజంగా తోచే పని. పొయ్యి మీద అది చెల్లుతుంది, ఎందుకంటే అక్కడ గ్యాసు గాలిలో చెదిరిపోతుంది. నాలుగు గోడలూ తలుపూ ఉన్న ఓవెన్‌లో అది చెల్లదు. అప్పటికే లోపల పోగుపడిన వాయువు ముఖం మీదకే ఎగయవచ్చు. పైగా వయసు పెరిగే కొద్దీ వాసన పట్టే శక్తి మందగిస్తుంది. పిల్లలు ఉద్యోగాలకు వెళ్ళిన వేళ ఇంట్లో ఒంటరిగా ఉండే అమ్మకూ, అత్తగారికీ ఈ తేడాను ముందే నెమ్మదిగా వివరించి చెప్పాలి. "ఓవెన్ వెలగకపోతే కట్టేయండి, అగ్గిపుల్ల గీయకండి" అని పెద్ద తెలుగక్షరాలతో రాసి పొయ్యి పక్కన అంటించడం నామోషీ కాదు.

భారతదేశంలోనూ, గల్ఫ్ దేశాలలోనూ, ఐరోపాలోనూ దొరికే అనేక ఓవెన్ల పద్ధతి వేరు. వాటిలో మంటను కనిపెట్టేది ఉష్ణయుగ్మం. రెండు భిన్న లోహాల సంధిని వేడి చేస్తే విద్యుత్తు పుడుతుందని 1821లో సీబెక్ కనుగొన్న ధర్మమే దానికి ఆధారం. అందుకే మంట వచ్చాక కూడా మీటను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. చేయి తీయగానే మంట ఆరిపోతుంటే ఉష్ణయుగ్మం మీద మసి పట్టిందో, అది అరిగిందో చూడాలి. ఏ దేశపు ఓవెన్‌కు ఆ దేశపు కరదీపికే ప్రమాణం.

ఇంట్లో గ్యాసు వాసన గట్టిగా వేస్తే చేయవలసింది ఒక్కటే. దీపం మీటలు వేయరాదు, తీయరాదు. లోపల నుంచి ఫోను చేయరాదు. అందరూ బయటకు వెళ్ళి, దూరంగా నిలబడి, 911కు గానీ గ్యాసు కంపెనీకి గానీ ఫోను చేయాలి. చలికాలంలో ఇల్లు వెచ్చబడడానికి ఓవెన్ తలుపు తెరిచి ఉంచడం ఎన్నడూ చేయరాదు. అసంపూర్ణ దహనంలో పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. పడక గదుల దగ్గర దానిని పసిగట్టే అలారం ఉండడం ప్రతి ఇంటికీ అవసరం.

ఓవెన్ ఆలస్యంగా వెలగడం నిజానికి దాని రక్షణ వ్యవస్థ ఇస్తున్న సూచన. నిప్పు సిద్ధంగా లేదని తెలిసి వాల్వు గ్యాసును ఆపుతోంది. ఆ సూచనను మొదట్లోనే గుర్తిస్తే ఒక చిన్న కడ్డీ మార్పుతో పని ముగుస్తుంది. పండుగ రోజున నలుగురినీ భోజనానికి పిలిచి ఓవెన్ ముందు నిలబడక మునుపే, ఏదో ఒక తీరిక ఆదివారం నాడు లోపలి పాత్రలు ఖాళీ చేసి, గడియారం చేతబట్టి ఒక్కసారి వెలిగించి చూడడం మంచిది. అందుకు కావలసింది ఒకటిన్నర నిమిషం మాత్రమే.